పెద్ద మిషను మీద బొట్టు

బకెట్టును భోజనాల బల్ల మీది నుంచి దించమని మనోరమ పొద్దుట్నుంచి మూడుసార్లు చెప్పింది. మొదటిసారి భర్తకు, రెండోసారి కూతురికి, మూడోసారి బకెట్టుకే. ముగ్గురిలోనూ బకెట్టే నయం. కనీసం ముఖం తిప్పుకోలేదు.

దాన్లో పదకొండు పట్టీలున్నాయి. తాండూరులోని తమ బండల యూనిట్‌లో కటింగు మిషన్లకు అతికించినవి. నిన్న సాయంత్రం భర్త బాల్‌రాజ్ దగ్గరుండి స్క్రూడ్రైవరుతో గీకించి, వికారాబాద్ దాకా కారు డిక్కీలో వేసుకొచ్చాడు. జానెడు పొడుగు, రెండు వేళ్ల వెడల్పు, పల్చటి ప్లాస్టిక్కు మీద సన్నటి నల్లగీతలు. మూడు నెలల కిందట అతికించడానికి వెళ్లినప్పుడు కూతురు రుచిత వాటిని ఒళ్లో పెట్టుకొని తీసుకుపోయింది. తిరుగు ప్రయాణానికి బకెట్టు చాలింది.

"సంతకం పెట్టు బిడ్డా," అన్నాడు బాల్‌రాజ్, బకెట్టు పక్కన కాగితం పరిచి. "నాలుగింటికి ఎంక్వైరీ ఆయన యూనిట్‌కు వస్తడు. గంతలోపల నాకు గిది కావాలె."

రుచిత కాగితం వైపు చూడలేదు. ఇరవై ఆరేళ్ల పిల్ల. ఈ పది రోజుల్లో ఆమె కళ్ల కింద మరో పదేళ్లు వచ్చి కూర్చున్నాయి.

"ఏమని రాయించిన్రు డాడీ?"

"ఉన్నదే రాయించిన. బేరింగు వేడెక్కింది. వేడెక్కితే చెప్పాల్సిన పట్టీ చెప్పలే. బేరింగు పట్టేసింది, బెల్టు తెగి మల్లేశ్వర్ చేతికి కొట్టింది. ఇండ్ల అబద్ధం ఏమన్న ఉన్నదా?"

లేదు. అదే మనోరమకు మింగుడు పడలేదు. కాగితాన్ని తనవైపు తిప్పుకొని చదివింది. 'పరికర తయారీదారు అయిన కుమారి రుచిత.' తండ్రి రాయించిన కాగితంలో కూతురు తయారీదారైంది. 'యజమాని నిర్వహణలో ఎట్టి లోపమూ లేదు.' ఎట్టి అనే మాట బాల్‌రాజ్ జన్మలో వాడి ఎరగడు. యూనిట్ గుమాస్తా దశరథ్‌కు మాత్రం అదంటే ప్రాణం.

"ఇది బయటికి పోతే సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు దీని పట్టీల మొకం చూస్తరా?" అంది మనోరమ. "వచ్చే నెల పెట్టి చూస్తమన్నరు కద."

"చూడకుంటే పాయె. నా బిడ్డ ఏమన్న ఉపాసముంటదా? అదే నా మీద కేసయితే యూనిట్ మూతపడ్తది. ముప్పై మంది బతుకుతున్నరు ఆడ."

"ముప్పై మందిల ఒకాయనకు రెండు వేళ్లు లేవిప్పుడు," అంది రుచిత.

వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమని, తనకెందుకొచ్చిన గొడవ అన్నట్టు ఆగిపోయింది.

"ఆయన అరగంటకోసారి బేరింగు మీద చెయ్యి పెట్టి చూసేటోడు డాడీ," రుచిత బల్లతో మాట్లాడుతున్నట్టు నెమ్మదిగా అంది. "పదిహేనేండ్ల సంది గదే అలవాటు. వేడి తగిల్తే మిషను బంద్ చేసేటోడు. నేనే వద్దన్న. ఎందుకన్నా చెయ్యి కాల్చుకుంటవ్, డబ్బా మీద లైటు చూడు చాలు, పచ్చగుంటే ఫికర్ లేదు అన్న. ఆయన నా మాట విన్నడు. ఆ రోజు గూడ పచ్చలైటే చూసిండు. పచ్చగనే ఉన్నది."

బాల్‌రాజ్ కారు తాళాలు తీసుకున్నాడు. కూతురి తల మీద చెయ్యి వేయబోయి, సగంలో ఆగి, తన చొక్కా జేబు సర్దుకున్నాడు.

"నువ్వు తప్పు చేసినవ్ అంటలేను బిడ్డా. తప్పయింది అంటున్న. సంతకం పెట్టు."

"మల్లేశ్ అన్నతోని ముందుగాల చెప్త. ఆయన మొకం చూసినంకనే పెడ్త."

"చెప్పుపో. ఎవరొద్దన్నరు. కారెక్కు."

"రైలుకు వస్త."

ఆయన భార్య వైపు చూశాడు. అది 'నువ్వైనా చెప్పు' అనే చూపు. ముప్పై ఏళ్లుగా మనోరమకు ఆ చూపు వస్తూనే ఉంది. తండ్రి నుంచి వచ్చింది కూతురికీ, కూతురి నుంచి వచ్చింది తండ్రికీ అందించే పోస్టాఫీసు ఆమె. ఇవాళ మాత్రం సెలవు పెట్టినట్టు బకెట్టు వైపు చూస్తూ నిలబడింది.

కారు వెళ్లిపోయింది.

రుచిత బకెట్టును ముందుకు లాక్కొని పట్టీలను ఒక్కొక్కటే పాత దినపత్రిక మీద పరిచింది. చిన్న మీటరు తెచ్చి, దాని ఎర్రతీగా నల్లతీగా ఒక్కో పట్టీకి తాకించి, దీపం సెగ దగ్గర పెట్టి చూడసాగింది. మీటరు మీద అంకెలు కదులుతున్నాయి. మనోరమకు అంకెల సంగతి తెలియదు గాని, కూతురి కనుబొమలు చదవడం తెలుసు.

ఈ విద్య మొదలుపెట్టిన రోజుల్లో రుచిత వీటిని ఆర్గానిక్ అంటే, ఎరువులు వెయ్యకుండ పండిస్తరా అని అడిగింది మనోరమ, పూర్తిగా తెలిసే. అప్పుడు పిల్ల నవ్వి విడమరిచి చెప్పింది. ఇది రాగి, వెండి లాంటి లోహం కాదు. కరెంటు పారే ఒక రకం ప్లాస్టిక్కు. దాన్ని సిరాలా చేసి, పెళ్లి కార్డులు అచ్చేసినట్టే జాలీ మీద రబ్బరుబద్దతో లాగి అచ్చెయ్యొచ్చు. నిజంగానే ఆ అచ్చు సామాను ఒకప్పుడు పెళ్లి కార్డులు వేసిందే. వికారాబాద్ మార్కెట్టులో ఒకాయన మూసేసిన దుకాణం నుంచి తెచ్చుకుంది. మొదటి నెలలో అచ్చయిన పట్టీలకు కొద్దిగా పసుపూ గులాబీ రంగులు అంటుకొని ఉండేవి. ఏ మిషను ఏ మిషనును పెండ్లి చేసుకుంటున్నదే అని మనోరమ అడిగింది. ఆ ఇంట్లో అందరూ కలిసి నవ్వడం అదే ఆఖరు.

"పది మంచిగనే ఉన్నయమ్మా," అంది రుచిత. గొంతులో ఆశ లేదు. "గీ ఒక్కటే పోయింది. పెద్ద మిషనుది."

"ఏమైందట దానికి?"

"పైపొర లేదు. చూడు." ఆమె రెండు పట్టీలు పక్కపక్కన పెట్టింది. ఒకటి నున్నగా మెరుస్తోంది. రెండోది మసకబారి, మధ్యలో పసుపుపచ్చగా ఉంది. "ఈ సిరాకు తడి పడదు. తడి తాగిందంటే మత్తు ఎక్కినట్టయితది. ఎంత వేడెక్కినా సల్లగనే ఉన్న అంటది. అందుకే పైన సన్నటి పొర అతికించి, అంచులు మూసేస్త. గిది ఊడిపోయింది. దసరా పసుపు లోపలిదాక ఇంకింది చూడు. అంటే పూజ నాటికే పొర లేదన్నట్టు. నా గమ్ము నిలవలేదు."

మనోరమ పట్టీ వైపు వంగింది. పసుపు మధ్యలో గుండ్రటి కుంకుమ మరక. బొటనవేలంత.

తన బొటనవేలంత.

"నా గమ్మే," అంది రుచిత మళ్లీ. "మల్లేశ్ అన్న వేళ్లు నా గమ్ములనే పోయినయ్."

మనోరమ వంటింట్లోకి వెళ్లింది. పని ఏమీ లేదు. ఫ్రిజ్ ముందు నిలబడింది.

కొత్త వస్తువుల మీద వచ్చే కవరు తియ్యనివ్వడు బాల్‌రాజ్. కారు సీట్లకు మూడేళ్లు ఉంచాడు, టీవీకి నాలుగేళ్లు. ఎండాకాలంలో ఆ కారు సీట్ల మీద కూర్చుని లేస్తే చీర సగం అక్కడే ఉండిపోయేది. ఈ ఫ్రిజ్ తలుపు మీది పొరను మనోరమ వారానికి ఒక అంగుళం చొప్పున, ఆయన ఊళ్లో లేనప్పుడు గోటితో లేపుతూ ఏడాదిలో పూర్తిచేసింది. ఆయనకు ఇప్పటికీ తెలియదు. అది తన జీవితంలోని చిన్న చిన్న విజయాల్లో ఒకటని ఆమె అనుకుంటూ వచ్చింది.

దసరా నాడు ఆయుధపూజకు పెద్ద మిషనుకు ఇంటి ఇల్లాలి చేత్తో బొట్టు పడాలి. మిగతావాటికి పనివాళ్లే పెట్టుకుంటారు. బ్లేడుకు పెట్టింది, మోటారుకు పెట్టింది. బేరింగు డబ్బా మీద బిడ్డ చేసిన పట్టీ కనపడింది. దానికి పెట్టకుండా ఎట్లా? పైన నిగనిగలాడుతూ కవరు. తండ్రి పోలికే వచ్చింది దీనికీ, కొత్త వస్తువు కవరు తియ్యదు అనుకుంది. కవరు మీద బొట్టు పెడితే అది కవరుకు పెట్టినట్టు, మిషనుకు ఎలా ముడుతుంది? మూలకు గోరు పెట్టి లేపింది. గట్టిగానే పట్టుకుని ఉంది. గమ్ము చాలా మంచిది. రెండుసార్లు లాగాల్సి వచ్చింది. తర్వాత మూడు వేళ్లతో తడిపసుపు నిండుగా పూసి, నడుమ కుంకుమ పెట్టి, కళ్లకద్దుకుంది.

బిడ్డ చల్లగా ఉండాలని మొక్కుకుంది. పట్టీ ఆ మొక్కును అక్షరాలా పాటించింది.

"అమ్మా, పదకొండింటికి రైలు," అంది రుచిత గుమ్మంలోంచి. "నువ్వూ వస్తవా?"

రైల్లో చెప్దామనుకుంది మనోరమ.

ధారూర్ దాకా చెప్పడానికి మాటలు వెతుక్కుంది. ధారూర్‌లో దొరికాయి. అప్పుడే ఎదురుగా మూటతో కూర్చున్న పెద్దావిడ కన్నడంలో "ఊట ఆయ్తా?" అని పలకరించింది. భోజనమైందా అని. అయిందని తలూపే లోపల దొరికిన మాటలు పోయాయి. కిటికీ బయట కందిచేలు పూతకొచ్చి ఉన్నాయి. ఎటు చూసినా పసుపే. మనోరమ కిటికీ నుంచి తల తిప్పుకుంది.

"ఆయన తిడ్తే బాగుండు," అంది రుచిత. "తిట్టడు. కూసో రుచితమ్మా, చాయ్ తాగు అంటడు. అప్పుడెట్ల?"

"రుచితా."

"ఊఁ."

"ఆ గమ్ము... ఊడింది కాకపోవచ్చు."

"గమ్ము ఊడకుంటే పొర యాడికి పోతది? దానంతట అదే పోతదా?" రుచిత తల్లి వైపు తిరిగింది. ఆ కళ్లలో కోపం లేదు, బతిమాలడం ఉంది. "నన్ను ఊకోబెట్టకమ్మా. నువ్వు గట్ల మంచిగ మాట్లాడినకొద్దీ నాకు ఇంక పరేషాన్ అయితది. నా తప్పు నన్ను ఒప్పుకోనీ."

రుక్మాపూర్ స్టేషను దాటిపోయింది. ఒప్పుకోనిచ్చింది మనోరమ. చెప్పడానికి ఇంకా టైముంది, తాండూరు వస్తుంది కదా, ఆటోలో చెప్పొచ్చు అనుకుంది. ఆటోలో మరో ఇద్దరు ఎక్కారు.

మల్లేశ్వర్ ఇల్లు యూనిట్ల వెనక ఉంది. గోడలు నిలువు బండలవి, కింద పరిచింది బండలే, కూర్చునే అరుగూ బండే. ముందున్న కాలవలో రాళ్లు కోసిన నీళ్లు పాలలా తెల్లగా పారుతున్నాయి. అతని తాత గొర్రెలు కాశాడు, తండ్రి గొర్రెలూ పొలమూ చూశాడు, మల్లేశ్వర్‌కు వచ్చేసరికి మిషను మిగిలింది. ఇంటి పక్క పాకలో ఇప్పటికీ నాలుగు మేకలున్నాయి.

అతని భార్య దేవిక గుమ్మంలోనే ఎదురైంది. "రాండ్రి" అంది. ఆ మాటలో రమ్మనడం ఎంతుందో, పొమ్మనడమూ అంతే ఉంది.

మల్లేశ్వర్ మంచం మీద నుంచి లేవబోయాడు. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు కట్టి, మెడకు తగిలించి ఉంది.

"కూసో రుచితమ్మా. దేవికా, చాయ్ పెట్టు."

రుచిత తల్లి వైపు ఒకసారి చూసింది. తర్వాత నేల మీద కూర్చుంది. బండ మీద అరచేతులు ఆనించి, రైల్లో మనసులో పేర్చుకున్నదంతా వదిలేసి, "అన్నా, నా గమ్ము ఊడిపోయింది" అంది. "పట్టీ పైన పొర ఉంటది కద, గది ఊడిపోయింది. తడి పోయి పట్టీ పాడయింది. నిన్ను చెయ్యి పెట్టొద్దన్నది నేనే. సాయంత్రం గదే రాసి సంతకం పెడ్తున్న. ఇగ ఈ పని చెయ్య. అచ్చు సామాను గూడ ఇచ్చేస్త. నీకు ముందుగాల చెప్దామని వచ్చిన."

మల్లేశ్వర్ కళ్లు రుచిత మీద నుంచి లేచి, ఆమె వెనక నిలబడ్డ మనోరమ మీద ఆగాయి. ఒక్క క్షణమే. వెంటనే దించేసుకున్నాడు.

దసరా నాడు పసుపుకుంకుమల పళ్లెం పట్టుకుని పక్కన నిలబడ్డది ఎవరో మనోరమకు అప్పుడు గుర్తొచ్చింది.

"నీ గమ్ము ఊడలే రుచితమ్మా," అన్నాడు మల్లేశ్వర్. "మస్తు గట్టిగుండె అది. నేనే పీకిన."

"ఏంది?"

"పొర. నేనే పీకిన."

"ఎందుకు?"

"ఊరికెనే. దుమ్ము పట్టింది. తీస్తే సాఫ్ అయితది అనుకున్న." అబద్ధాలు అలవాటు లేని మనిషి. ప్రతి మాటకీ ముందు గుటక వేస్తున్నాడు. "నీ పని ఇడ్సిపెట్టకు. తప్పు నీది కాదు. గంతే."

రుచిత లేచి నిలబడింది. మెడ మీది బరువు దిగిన మనిషి ముందు ఊపిరి పీల్చుకుంటుంది. ఆమె ఊపిరి పీల్చుకుంది. తర్వాతే ఆ ఊపిరి కోపమైంది.

"ఎన్నిసార్లు చెప్పిన అన్నా నీకు? అతికించిన నాడు చెప్పిన. మళ్ల వచ్చి చెప్పిన. దాన్ని ముట్టద్దు, కడగద్దు, గీకద్దు అని నీకే చెప్పిన, ఎందుకంటే అందర్ల నువ్వు ఇనేటోనివి అని. పది దినాలైంది. పది దినాల సంది నా చేతుల దిక్కు నేను చూసుకోలేకపోతున్న. నువ్వు పీకి, ఒక్క మాటన్న చెప్పలే."

"తప్పయింది తల్లీ."

"నీ వేళ్లు నువ్వే పోగొట్టుకున్నవ్. నా నాలుగేండ్ల కష్టం గూడ పోగొడ్తుంటివి."

దేవిక గిన్నె పట్టుకుని పొయ్యి దగ్గరే నిలబడిపోయింది. "మెల్లగ మాట్లాడుండ్రి," అంది. "దెబ్బ తాకింది ఆయనకు."

రుచిత అప్పటికే ఫోను చెవికి పెట్టుకుంది. "డాడీ, నేను సంతకం పెట్టను. నా పట్టీ మంచిగనే ఉన్నది. పైపొర మల్లేశ్ అన్న పీకిండట. ఆయనే చెప్పిండు... ఆఁ, ఇంట్లనే ఉన్నం."

అవతల బాల్‌రాజ్ గొంతు మనోరమకూ వినిపించింది. పది రోజుల్లో ఆ గొంతులో అంత తేలిక ఆమె వినలేదు. "ఆడ్నే ఉండుండ్రి. దశరథ్‌తోని రాయించుకొని ఇరవై నిమిషాల్ల వస్తున్న."

ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాల్లో ఒక మనిషి తన చేతిని తానే నరుక్కున్నట్టు కాగితం తయారవుతుంది.

"రుచితా," అంది మనోరమ. "ఆయన్ను అనకు. పీకింది నేను."

రుచిత ఆమె వైపు అలసటగా చూసింది. "అమ్మా, నువ్వు ఊకో."

"నిజంగ నేనే."

"నీకు గిదే పని. పింగాణి కప్పు నేను పగలగొడ్తే నువ్వంటివి. కారుకు డాడీ గీత పడేస్తే నువ్వంటివి, నీకు కారు నడపరాకపాయె. అందరి తప్పులు మీదేసుకుంటే కొట్లాట బంద్ అయితదనుకుంటవ్. గిది కప్పు కాదమ్మా."

తన ఇంట్లో శాంతి కోసం ఇన్నేళ్లు మనోరమ చెప్పిన అబద్ధాలన్నీ వచ్చి ఈ ఒక్క నిజం ముందు వరసగా నిలబడ్డాయి.

"అమ్మది మంచి మనసు," అన్నాడు మల్లేశ్వర్ మంచం మీద నుంచి. "జాలితోని అంటున్నది. ఇనకు రుచితమ్మా."

"మల్లేశ్," అంది మనోరమ, "పళ్లెం పట్టుకున్నది నువ్వే కద."

దేవిక గిన్నె కింద పెట్టి భర్త ముందుకొచ్చి నిలబడింది.

"నాకు చెప్పు. నువ్వు పీకినవా?"

"నువ్వు నడుమ రాకు."

"రాకపోతే ఎట్ల? రేపు కాగితంల నీ తప్పే అని రాస్తే, మళ్ల ఏ యూనిట్ల నిన్ను గేటు దాటనిస్తరు? ఎడమచేత్తోనన్న ఏదో ఒక పని చేసుకుంటవని అనుకుంటున్న నేను."

"నేను చూసిన," అన్నాడు మల్లేశ్వర్ చివరికి, గోడ వైపు తిరిగి. "చూసి గూడ ఊకున్న. పూజ కాడ అమ్మకు ఎట్ల చెప్పాలె? తియ్యకు అని నోటిదాక వచ్చింది. చెప్పలే. మర్నాటి సంది రోజూ లైటు చూస్తనే ఉన్న. పచ్చగుండె. అట్ల పొర లేకున్న నడుస్తదేమో అనుకున్న. గది నా తప్పు కాదా?"

రుచిత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇంకా నమ్మలేదు.

"ఎందుకు తీస్తవమ్మా నువ్వు?"

"బొట్టు కవరు మీద పెడితే కవరుకే పడ్తది కద అనుకున్న. మిషనుకు ముట్టదు అనుకున్న."

ఆ మాటతో రుచిత ముఖంలో ఏదో ఆగిపోయింది. అబద్ధానికి అంత తెలివితక్కువ కారణం ఎవరూ కల్పించరు. అది తన తల్లి బుర్రలో తప్ప ఇంకెక్కడా పుట్టని ఆలోచన అని ఆమెకు తెలుసు.

ఆమె ఏదో అనబోయింది. బయట కారు ఆగింది.

బాల్‌రాజ్ తల వంచి గుమ్మంలోంచి లోపలికొచ్చాడు. చేతిలో కాగితం, సిరా దిండు. అందరి ముఖాలూ చూశాడు గాని, దేన్నీ చదువుకునే ఓపికలో లేడు.

"ఎట్లున్నదిరా మల్లేశ్? మంచిగ తింటున్నవా?" అని జవాబుకు ఆగకుండా మంచం మీద కూర్చున్నాడు. "గిది జర వేలిముద్ర కావాలె. భయపడకు. నిన్ను నేను ఇడ్సిపెడ్తనా? దవాఖాన అంతా నేనే చూసుకుంట. కాగితం కాగితమే, మనం మనమే."

"ఆగుండ్రి," అంది మనోరమ. "పొర పీకింది మల్లేశ్ కాదు, నేను. దసరా నాడు. ఎంక్వైరీ ఆయనకు గదే చెప్పాలె."

బాల్‌రాజ్ తలెత్తాడు. రుచితలా ఆయన అపనమ్మకంగా చూడలేదు. వెంటనే నమ్మాడు. ఫ్రిజ్ సంగతి కూడా ఆయనకు ఎప్పుడో తెలుసేమోనని ఆ చూపులో ఆమెకు మొదటిసారి అనుమానం వచ్చింది.

"ఇంటికి పోయినంక మాట్లాడుదం," అన్నాడు.

"ఇంటికి పోయి మాట్లాడి వచ్చేసరికి నాలుగైతది."

"యజమాని భార్య పీకింది అంటే ఏమైతదో తెలుసా నీకు?" గొంతు పెంచలేదు. "యూనిట్ తాళం. ముప్పై ఇండ్లు. నా మీద కేసు. నువ్వు బొట్టు పెట్టిన సంగతి పేపర్ల వస్తది, నవ్వుతరు. మల్లేశ్ తనంతట తానే అంటున్నడు. ఎవ్వలు బలవంతం చెయ్యలే. చెయ్యి ఇయ్యిరా."

మల్లేశ్వర్ ఎడమచెయ్యి చాపాడు.

దేవిక మనోరమను చూస్తోంది. ఆ చూపులో ప్రార్థన లేదు, శాపం లేదు. ఏం చేస్తావో చూద్దాం అన్నట్టు మాత్రం ఉంది.

బాల్‌రాజ్ సిరా దిండు మూత తీసి మంచం మీద పెట్టాడు. కాగితాన్ని పక్కనే పరిచి, ముద్ర వెయ్యాల్సిన చోటు వేలితో చూపించాడు.

మనోరమ వంగింది. తన కుడి బొటనవేలు దిండు మీద గట్టిగా అద్ది, ఆయన చూపించిన చోటే, దశరథ్ టైపు చేసిన మల్లేశ్వర్ పేరు మీద నొక్కింది. నిండుగా పడింది. ఎక్కడా చెదరలేదు.

"బి.ఏ. చదివినదాన్ని," అంది. "కావాలంటే పక్కన సంతకం గూడ పెడ్త."

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదు.

బాల్‌రాజ్ కాగితం చేతిలోకి తీసుకుని నల్లటి ముద్ర వైపు చూశాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. లేచాడు.

"కార్ల ఇంకో కాపీ ఉన్నది," అని బయటికి నడిచాడు.

రుచిత తల్లి వేలి వైపే చూస్తోంది.

"పొద్దుగాల పట్టీ చూపిచ్చినప్పుడే తెల్సిందా నీకు?"

"తెల్సింది."

"రైల్ల గూడ తెల్సు."

మనోరమ సిరా అంటిన వేలిని కొంగులో చుట్టుకుంది.

"నేను ఆయన్ను గన్ని మాటలంటుంటే గూడ... నిలబడి ఇన్నవ్."

బయట కారు తలుపు తెరుచుకున్న చప్పుడయింది. మల్లేశ్వర్ చాపిన చెయ్యి ఇంకా వెనక్కి తీసుకోలేదు.